నాటకాలు వేసేవారు సినిమా దర్శకులు కావాలంటే ఎవరి జీవితం చదవాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. హనుమకొండలో డిగ్రీ చదువుతూ స్నేహితులతో నాటికలు వేస్తున్న మీరు, సినిమా దర్శకుడు కావడానికి నాటకం వదిలి హైదరాబాద్ వెళ్లిపోవాలా అన్నది మొదటిది. రెండు రంగాల్లోనూ పనిచేసినవారిలో ఎవరి జీవితం చదివితే మేలు అన్నది రెండోది. రెండోదానికి ముందు జవాబు చెబుతాను. కన్నడ రంగస్థల, సినిమా దర్శకుడు బి.వి. కారంత్ జీవితం చదవండి.

తెలంగాణలో ఈ ప్రశ్న ఎవరు అడిగినా బి. నర్సింగరావు గారి పేరే ముందు వినిపిస్తుంది. వినిపించాల్సిందే. 1980లో విడుదలైన 'మా భూమి'కి దర్శకుడు గౌతమ్ ఘోష్ అయినా, దాని వెనుక నిలబడి నిర్మించింది నర్సింగరావు గారే. 'రంగుల కల'లో ఆయనే చిత్రకారుడిగా నటిస్తూ దర్శకత్వం వహించారు. 'దాసి'లో నటనకు అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. వీటిని చూడకుండా మన ప్రాంతంలో ఎవరూ కెమెరా పట్టుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే రంగస్థలం మీదే బతికి, మధ్యలో సినిమా తీసి, మళ్లీ రంగస్థలానికి వచ్చి, దాని కోసం సంస్థలు నిలబెట్టిన మనిషి కథ మీకు కావాలి. అది కారంత్ దగ్గర దొరుకుతుంది. ఆయన కన్నడిగుడు కాబట్టి మనకెందుకు అనుకోవద్దు. ఆయన పని మన సురభి నాటక కుటుంబాల దాకా వచ్చింది. ఆ విషయం తర్వాత చెబుతాను.

నేనెవరినో కూడా చెప్పాలి. వరంగల్ జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిని. ఉద్యోగం రాకముందు కొంతకాలం హైదరాబాద్‌లో సినిమాలకు సహాయ దర్శకుడిగా పనిచేశాను. తిరిగి వచ్చాక హనుమకొండలో పిల్లలతోనూ పెద్దలతోనూ నాటకాలు వేయిస్తున్నాను.

కారంత్ పూర్తి పేరు బాబుకోడి వెంకటరమణ కారంత్. 1929 సెప్టెంబర్ 19న దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలోని మంచి అనే గ్రామంలో పుట్టారు. మూడో తరగతిలోనే నాటకంలో వేషం వేశారు. తర్వాత ఇంట్లోంచి పారిపోయి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరారు. మన సురభి ఎలాంటిదో కర్ణాటకకు గుబ్బి కంపెనీ అలాంటిది. ఊరూరా తిరిగే డేరాలు, రంగుల తెరలు, హార్మోనియం, పద్యాలు. తర్వాతి కాలంలో కన్నడ సినిమాకు మహానటుడైన రాజ్‌కుమార్ కూడా ఆ కంపెనీలో పనిచేసినవారే. కుర్రవాడి చురుకుదనం గమనించిన వీరణ్ణ అతన్ని ఎం.ఎ. చదవడానికి కాశీ పంపారు. తన దగ్గర పనిచేసే కుర్రవాణ్ని పోగొట్టుకుని చదువుకు పంపిన కంపెనీ యజమానులు ఎందరుంటారు? కాశీలో ఆయన పండిత్ ఓంకార్‌నాథ్ ఠాకూర్ దగ్గర హిందుస్తానీ సంగీతం కూడా నేర్చుకున్నారు. అక్కడి నుంచి ఢిల్లీ జాతీయ నాటక పాఠశాలకు వెళ్లి 1962లో చదువు ముగించారు. అప్పుడు దానికి అధిపతి ఇబ్రహీం అల్కాజీ. ప్రతి కదలికకూ కారణం అడిగే క్రమశిక్షణ ఆయనది.

కంపెనీ నాటకం, శాస్త్రీయ సంగీతం, ఆధునిక రంగస్థల శిక్షణ అన్నవి మన దగ్గర ఎప్పుడూ మూడు వేర్వేరు గుంపులు. పద్యనాటకం వాళ్లు ప్రయోగాత్మక నాటకాన్ని నవ్వులాటగా చూస్తారు, ప్రయోగాల వాళ్లు పద్యనాటకాన్ని పాతచింతకాయ పచ్చడి అంటారు. కారంత్ ఈ మూడింటినీ ఒంటబట్టించుకున్నారు. తర్వాత ఆయన చేసిన ప్రతి పనిలోనూ ఈ మూడూ కనిపిస్తాయి.

చదువు అయ్యాక ఆయన ఢిల్లీలో ఒక పాఠశాలలో పిల్లలకు నాటకం నేర్పే ఉపాధ్యాయుడిగా ఉన్నారు. జీవిత చరిత్ర రాసేవారు ఈ కాలాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఉపాధ్యాయుణ్ని కాబట్టి నేను దాటలేను. పిల్లలతో నాటకం వేసేటప్పుడు ఖరీదైన వాయిద్యాలుండవు, నేర్చుకున్న గొంతులుండవు. ఉన్న వస్తువులతోనే శబ్దం పుట్టించాలి. రాళ్లు, కర్రలు, డబ్బాలు, కాగితాలతో నాటకానికి సంగీతం సమకూర్చడంలో కారంత్‌కు దేశమంతా పేరుంది. ఆయన పెద్దవాళ్ల నాటకాలకు ఇచ్చిన సంగీతంలోనూ పాట ఒక్కటే విడిగా ఉండదు, నటుడి అడుగూ ఊపిరీ కూడా దానిలో భాగంగా ఉంటాయి.

ఇక సినిమా. 1970ల మొదట్లో నాటక రచయిత గిరీష్ కర్నాడ్‌తో కలిసి ఎస్.ఎల్. భైరప్ప నవల 'వంశవృక్ష'ను తెరకెక్కించారు. ఇద్దరికీ కలిపి ఉత్తమ దర్శకత్వానికి జాతీయ పురస్కారం వచ్చింది. తర్వాత బాపు గారు తెలుగులో తీసిన 'వంశవృక్షం' ఆ కథే. మొదటి సినిమాను ఒంటరిగా నెత్తిన వేసుకోకుండా, తనకు లేని బలం ఉన్న మనిషితో కలిసి తీయడం మీరు గమనించాలి. మన దగ్గర నాటక బృందం పెట్టిన ఏడాదికే ఇద్దరు దర్శకులై బృందం రెండు ముక్కలవుతుంది. కర్నాడ్, కారంత్ జోడీ తర్వాత మరో సినిమా కూడా తీసింది.

కానీ మీరు తప్పక చూడాల్సింది 1975లో వచ్చిన 'చోమన దుడి'. శివరామ కారంత్ నవల ఆధారంగా బి.వి. కారంత్ ఒక్కరే దర్శకత్వం వహించారు. ఆ ఏడాది జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం అందుకుంది. చోముడిగా నటించిన ఎం.వి. వాసుదేవరావుకు ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. చోముడు అంటరానివాడు, అప్పుకింద కట్టుబానిస. అతని దగ్గర ఒక జత ఎద్దులున్నాయి. తన సొంత పొలం దున్నుకోవాలన్నది అతని ఒకే ఒక కోరిక. అతని కులంవాడికి భూమి దున్నే హక్కు లేదు. అప్పు తీర్చడానికి పిల్లలు కాఫీ తోటకు వెళ్తారు. ఒకడు జబ్బుతో చనిపోతాడు, ఒకడు మతం మారి దూరమవుతాడు, కూతురు తోటలో దోపిడికి గురవుతుంది. ఒక పిల్లవాడు నీళ్లలో మునిగిపోతుంటే, అంటుకోవాల్సి వస్తుందని ఎవరూ దిగరు. చోముడికి మిగిలేది దుడి ఒక్కటే. దుడి అంటే చిన్న వాయిద్యం, మన డప్పులాగా అతని బతుకుతో ముడిపడినది. సినిమా చివర దాన్ని వాయిస్తూనే అతను ప్రాణం విడుస్తాడు.

ఈ సినిమాను నేను మొదట దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం చూశాను. అప్పట్లో ఆ సమయానికి ప్రాంతీయ భాషల అవార్డు చిత్రాలు వేసేవారు. ఒక్క కన్నడ ముక్క రాదు. అయినా మా నాన్న చివరిదాకా కదలకుండా కూర్చున్నారు. మా ఊళ్లో జీతానికి ఉండి, తాతలనాటి అప్పును తీర్చలేక తన కొడుకును కూడా దొరగారింటికి జీతానికి పెట్టిన మనిషి ఆయనకు తెలుసు. వెట్టి మీద మన దగ్గర ఎన్నో పాటలు, కథలు వచ్చాయి. సాయుధ పోరాటం నడిచిన నేల ఇది. కానీ చోముడు తిరగబడడు, ఉపన్యాసం ఇవ్వడు. దుడి వాయిస్తాడు, అంతే. కోపం వచ్చినా అదే, దుఃఖం వచ్చినా అదే. నాటక దర్శకుడు సినిమా తీస్తే సంభాషణలు ఎక్కువైపోతాయని అందరూ అంటారు. ఆ మాట ఈ సినిమా విషయంలో నిలవదు. ఎక్కడ మాట ఆపి శబ్దానికి చోటివ్వాలో ఆయనకు రంగస్థలమే నేర్పింది. సంగీతం కూడా ఆయనదే.

సినిమా సంగీతంలో ఆయనకు రెండుసార్లు జాతీయ పురస్కారం వచ్చింది. 'ఋష్యశృంగ'కు ఒకసారి, గిరీష్ కాసరవళ్లి 'ఘటశ్రాద్ధ'కు మరోసారి. మృణాల్ సేన్ 'ఏక్ దిన్ ప్రతిదిన్', 'ఖారిజ్' చిత్రాలకు సంగీతం ఆయనే సమకూర్చారు. ఇంత పేరున్నవారు బొంబాయిలోనో మద్రాసులోనో స్థిరపడిపోవచ్చు. ఆయన 1977లో జాతీయ నాటక పాఠశాలకు డైరెక్టర్‌గా వెళ్లారు. ఢిల్లీలో కూర్చుని నడిపితే సరిపోదని తమిళనాడులోని గాంధీగ్రామ్ లాంటి చోట్లకు శిక్షణను తీసుకెళ్లారు. 1981 నుంచి భోపాల్ భారత్ భవన్‌లో రంగమండల్ అనే నాటక బృందాన్ని నడిపారు. బుందేల్‌ఖండీ, మాళవీ, ఛత్తీస్‌గఢీ మాండలికాల్లో నాటకాలు వేయించారు. 1989లో మైసూరులో కర్ణాటక ప్రభుత్వ నాటక సంస్థ 'రంగాయణ'కు మొదటి డైరెక్టర్ అయ్యారు. నటులకు నెలనెలా జీతమిచ్చి, రోజంతా నాటకమే పనిగా పెట్టుకునే వీలు కల్పించిన సంస్థ అది.

ఆ చివరి వాక్యం రాస్తుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024లో ప్రారంభమైంది. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ పేరిట ప్రాంగణం ఎప్పటి నుంచో ఉంది. వేదికలకు కొదవలేదు. ఆ వేదిక మీద రోజూ సాధన చేయడానికి జీతమిచ్చే ఒక నాటక బృందం మాత్రం వరంగల్‌కు లేదు. మా నటుల్లో ఒకరు ఆటో నడుపుతారు, ఒకరు విత్తనాల దుకాణంలో లెక్కలు రాస్తారు. సాయంత్రం ఏడు దాటాక అలసిపోయి వస్తారు. వాళ్ల గొంతులో ఉన్న సత్తాకు రోజుకు ఆరు గంటల సాధన తోడైతే ఏమవుతుందో నేను ఊహించగలను. భవనం కట్టినవారు దానిలో ఉండాల్సిన బృందం గురించి కూడా ఆలోచించాలని ఎక్కడ అవకాశం వచ్చినా అడుగుతున్నాను. మీరూ అడగండి.

కారంత్ దగ్గర నేను నేర్చుకున్నదాన్ని ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఆయన 1979లో షేక్‌స్పియర్ 'మాక్‌బెత్'ను 'బర్నమ్ వన' పేరుతో హిందీలో వేయించారు. దానికి తన చిన్ననాటి కరావళి (కన్నడ తీరప్రాంతం) యక్షగానం అడుగులను, కదలికలను వాడారు. యక్షగానం మనకూ ఉంది. మన చిందు కళాకారులు జాంబపురాణం, ఎల్లమ్మ కథ రాత్రంతా ఆడతారు. పొనికి కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు, ముఖానికి అర్దళం పూత, పక్కన మద్దెల, తాళాలు, హార్మోనియం. జనగామ ప్రాంతానికి చెందిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది కూడా ఈ కళకే. కానీ మన ఆధునిక నాటకాల్లో జానపదం ఎలా వస్తుంది? కథ నడుస్తుండగా మధ్యలో నలుగురు డప్పులతో వచ్చి ఆడి వెళ్తారు. చప్పట్లు పడతాయి, మళ్లీ సోఫా మీద సంభాషణ మొదలవుతుంది. అది నాకు సుతరామూ నచ్చదు. ఆ కళను అతిథిలా పిలిచి పంపేయడం అది.

కొన్నేళ్ల క్రితం చెరువు కట్ట తెగే రాత్రి మీద ఒక నాటకం తయారుచేశాం. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతుకుతున్న ప్రాంతం కదా, ఇక్కడ ప్రతి ఊరికీ అలాంటి కథ ఒకటి ఉంటుంది. రికార్డు చేసిన వాన చప్పుడు వద్దనుకున్నాం. చేటలో జొన్నలు పోసి మెల్లగా అటూ ఇటూ ఊపితే వాన వచ్చింది. గ్రానైటు ముక్కలు రెండు ఒకదానిమీద ఒకటి రాస్తే కట్ట మీది రాళ్లు జారుతున్నట్టు వినిపించింది. తడిపిన గోనెసంచిని నేలమీద ఈడిస్తే బురద. పిల్లలు ఉత్సాహంగా చేస్తున్నారు. మాకు అడుగులు నేర్పడానికి వచ్చిన ఒక చిందు కళాకారుడు గోడకు ఆనుకుని కూర్చుని అంతా చూశారు. పిల్లలు ఆయన్ను తాతా అని పిలిచేవారు.

"తాతా, ఎలా ఉంది?" అని ఒక అమ్మాయి అడిగింది.

"బాగుంది బిడ్డా. వాన ఉంది, రాయి ఉంది, బురద ఉంది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "సార్, కట్ట తెగుతోందని ముందు తెలిసేది నీరటికాడికి. వాడి గొంతు ఏది?" అన్నారు.

నీరటికాడంటే చెరువు తూములు చూసుకునే మనిషి. మా నాటకంలో ఆ పాత్రే లేదు. పెద్దాయన లేచి, గది చివరి నుంచి అడ్డంగా చిందు అడుగు వేస్తూ కేక వేసుకుంటూ వచ్చారు. ముందు రెండు పొడవైన కేకలు, తర్వాత ఊపిరి అందని చిన్న చిన్న కేకలు. అడుగు వేగం పెరిగేకొద్దీ కేక చిన్నదవుతోంది. మద్దెల లేకుండానే తాళం వినిపించింది. చేట ఊపుతున్న పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే తన వేగాన్ని ఆ అడుగుకు కలిపేశాడు. సంభాషణలతో నడిపిన రెండు పేజీల సన్నివేశాన్ని ఆ రాత్రే తీసేశాం. జానపద కళ కథకు ఎముకగా నిలవడమంటే ఇదీ అని నాకు అప్పుడు అర్థమైంది. 'బర్నమ్ వన' గురించి చదివిన ఏ వ్యాసమూ నాకు ఇంత చెప్పలేదు.

సురభి విషయం. 1996లో కారంత్ హైదరాబాద్‌లో సురభి కళాకారులతో కార్యశాల నిర్వహించారు. 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' అనే మూడు నాటకాలు దాని ఫలితమే. మూడోది జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ నాటకానికి తెలుగు రూపం. 1885లో 'కీచకవధ'తో మొదలై, తరతరాలుగా పురాణ నాటకాలు ఆడుతున్న కుటుంబాలు బ్రెక్ట్‌ను ఆడాయి! గుబ్బి డేరాలో పెరిగిన మనిషి కాబట్టే సురభివారిని ఆయన కొత్తవారిలా చూడలేదని నా ఉద్దేశం. ఆ రకం నటులకు ఎలా చెబితే అర్థమవుతుందో ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఆయన 2002 సెప్టెంబర్ 1న బెంగళూరులో కన్నుమూశారు. భార్య ప్రేమా కారంత్ కూడా దర్శకురాలే, 'ఫణియమ్మ' ఆమె తీసినదే. కారంత్ చెబుతుండగా రచయిత్రి వైదేహి రాసిన ఆత్మకథ కన్నడలో ఉంది. పేరుకు అర్థం 'ఇక్కడ ఉండలేను, అక్కడికి వెళ్లలేను' అని.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. హైదరాబాద్ వెళ్లండి, వెళ్లొద్దని చెప్పను. కానీ ఇంకా రెండు మూడేళ్లు ఇక్కడే ఉండి నాటకం గట్టిగా చేశాకే వెళ్లండి. నేను సహాయ దర్శకుడిగా చేరిన మొదటి చోట నెలల తరబడి డబ్బు ఇవ్వలేదు. అడిగితే, నేర్చుకోవడానికి వచ్చావు కదా అనేవారు. నేర్పింది కూడా తక్కువే. క్లాప్ పట్టుకోవడం, దుస్తుల వరుస రాసుకోవడం, కారు తలుపు తీయడం. ఒకరోజు సంత సన్నివేశం. జూనియర్ ఆర్టిస్టులందరూ ఒకేచోట గుంపుగా నిలబడిపోయారు. నాటకంలో చేసినట్టే ఒక్కొక్కరికీ ఒక పని, ఒక దిశ ఇచ్చాను. ఒకామె బేరమాడుతుంది, ఒకతను తప్పిపోయిన మేకను వెతుకుతాడు, ఇద్దరు పాత తగాదా వల్ల ఒకరినొకరు తప్పించుకుంటారు. ఆ తర్వాతే ఛాయాగ్రాహకుడు నా పేరు అడిగారు. అక్కడ నాకు అక్కరకొచ్చినది హనుమకొండలో నేర్చుకున్నదే.

నాటకం నేర్పనిది కూడా ఒకటుంది. రంగస్థలం మీద ప్రేక్షకుడు తనకు నచ్చినవైపు చూస్తాడు. సినిమాలో ఎటు చూడాలో మీరే నిర్ణయించాలి. దీనికి ఇప్పుడు ఫోను చాలు. మీరు వేసిన నాటికలోని ఒక సన్నివేశాన్ని ఒక్క మాట కూడా లేకుండా, అసలు చోటులో, అంటే పొలంలోనో బస్టాండులోనో తీయండి. మాటలు తీసేశాక కథ అర్థం కాకపోతే లోపం ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది.

జాతీయ నాటక పాఠశాలకు డిగ్రీ అయ్యాక దరఖాస్తు చేయవచ్చు, నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు. కాబట్టి వేసిన ప్రతి నాటకం కరపత్రం, ఫోటోలు, మీ పేరున్న పత్రాలు ఇప్పటి నుంచే దాచుకోండి. హిందీ మాట్లాడటం అలవాటు చేసుకోండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల శాఖలున్నాయి. వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. చిందు, ఒగ్గు కళాకారుల గురించి తెలుసుకోవాలంటే ముందు అక్కడికి వెళ్లండి. ఆటలు ఎక్కడ జరుగుతున్నాయో కనుక్కుని రాత్రంతా కూర్చుని చూడండి, ఫోనులో చూసి సరిపెట్టుకోవద్దు. ఈ వేసవిలో మా కొత్త నాటకం రిహార్సల్స్ మొదలవుతాయి. నటుడిగా కాదు, శబ్దాలు చూసుకునే మనిషి కావాలి. ఆసక్తి ఉంటే ఈ సమాధానం కింద రాయండి, చోటూ వేళా చెబుతాను.